గ్రంథపాలకుడు ఒంటరి కారాదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఒక గ్రామములో గ్రంథాలయము పుట్టుట విశేషము కాదు. అది ఇరువదియైదేండ్లు బ్రదుకుట విశేషము. ఎంతో ఉత్సాహముతో ప్రారంభమై, రెండు మూడేండ్లకే తలుపునకు తాళము పడి, బీరువాలు చెదలపాలైన గ్రంథాలయములను మనమందరమును ఎరుగుదుము. ఉప్పుగాలికి ఇనుము తుప్పుపట్టుచు, కాగితము చెమ్మగిల్లుచు ఉండు ఈ సముద్రతీరమున పావు శతాబ్దము తలుపులు మూయకుండుట సామాన్యమైన పని కాదు. ఇందుకు కారకులైన దాతలను, కార్యవర్గమువారిని, పాఠకులను నాకు ముందు మాటలాడిన పెద్దలు ప్రశంసించిరి. వారి మాటలకు నా మాటను జోడించుచున్నాను. అయితే నేను ఈ దినమున ముఖ్యముగా చెప్పదలచినది, ఇట్టి సభలలో కుర్చీలు సర్దుచు, చివర వరుసలో నిలిచియుండు ఒక మనిషిని గూర్చి. అతడే గ్రంథపాలకుడు.

నేను చాలకాలము ఒక కళాశాల గ్రంథాలయములో ఉద్యోగము చేసినవాడను. కళాశాల పుస్తకము కళాశాల గోడలలోనే నిలిచిపోరాదని నమ్మి, వీలైనప్పుడెల్ల గ్రామములకు పోయి అచ్చటి పఠనమందిరములతోను, పాఠశాలలతోను చేయి కలుపుచు వచ్చితిని. కావలి మొదలు సూళ్లూరుపేట వరకు తీరగ్రామములలో అట్లు తిరుగునప్పుడు నాకు తోచిన సత్య మొకటి కలదు. గ్రంథాలయము మూతపడుటకు ధనము లేకపోవుట ఒక కారణము. పాఠకులు రాకపోవుట మరియొక కారణము. కాని ఈ రెంటికంటె ముందుగా మూడవది యొకటి జరుగును. గ్రంథపాలకుని మనసు విరుగును. మనసు విరిగినవాడు తలుపు ఆలస్యముగా తెరచును. ఆలస్యముగా తెరచిన తలుపునకు పాఠకుడు రాడు. పాఠకుడు రాని చోటికి ధనము రాదు. ఆ మనసు విరుగుటకు మూలము అతని ఒంటరితనము.

ఈ మాటను కొంచెము విప్పి చెప్పవలెను. చేనికి తెగులు తగిలినచో రైతు పొరుగు రైతు నడుగును. మొలగొలుకుల విత్తనము చెడినచో పొరుగూరినుండి తెచ్చుకొనును. ఒడ్డున నిలిచి లాగు పెద్దవలను ఒక్కడు లాగడు. ఉపాధ్యాయునికి తోటి ఉపాధ్యాయులు కలరు. గ్రామ గ్రంథపాలకునికి మాత్రము తన పని తెలిసిన రెండవవాడు ఊరిలో ఉండడు. తుపానులో తడిసిన పుస్తకములను ఎండలో ఆరవేయవలెనా, నీడలో ఆరవేయవలెనా? పోటీపరీక్షకు సిద్ధపడు బాలునికి ఏ పుస్తకము తెప్పించవలెను? ఒక పెద్దమనిషి తీసికొనిపోయి, ఏడాదియైనను తిరిగి ఇయ్యని పుస్తకమును ఆయన మనసు నొవ్వకుండ ఎట్లు రాబట్టవలెను? దినమంతయు పత్రిక చదువువారే గాని పుస్తకము తీయువారు లేనప్పుడు ఏమి చేయవలెను? ఇవి చిన్న ప్రశ్నలే. కాని పెద్ద కష్టమునకు మనిషి ఎదురునిలుచును. చిన్న ప్రశ్నలకు ఏండ్ల తరబడి సమాధానము దొరకనప్పుడు అలసిపోవును.

కళాశాల గ్రంథపాలకుని స్థితి ఇంతకంటె మేలని మీరు తలంతురు. జీతము మేలే, పుస్తకములు ఎక్కువే. అయితే కళాశాల వెలుపలికి వచ్చి ప్రజలలో పనిచేయదలచినవాడు అచ్చట కూడ ఒంటరివాడే. అతనిని పుస్తకములు అందించువానిగా చూచువారు పలువురు. విద్యలో భాగస్వామిగా చూచువారు కొలదిమంది. గ్రామములకు పోయి చేసిన పని ఉద్యోగపు లెక్కలలో సాధారణముగా చేరదు. ‘నీకెందుకయ్యా ఈ తిరుగుడు?’ అని మిత్రులే అడుగుదురు. ఇటు గ్రామమునకు వచ్చునప్పటికి, ‘ఈయన ఏమి ఆశించి వచ్చెనో’ అను అనుమానము. ఈ రెంటి నడుమ అతడు ఏ రేవునకును చెందని పడవ వలె ఉండును. ఇట్టివారు జిల్లాలో అచ్చటచ్చట ఉన్నారు. దుఃఖకరమైన విషయ మేమనగా, వారు ఒకరినొకరు ఎరుగరు.

ఈ ఒంటరితనము అల్పులకు మాత్రమే కలుగునని ఎవరును తలపరాదు. మన దేశమున గ్రంథాలయ శాస్త్రమునకు పితామహుడని పేరొందిన యస్. ఆర్. రంగనాథన్ గారికే ఇది తప్పలేదు. ఆయన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిరి. 1924లో మదరాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకులుగా నియమింపబడిరి. విద్యార్థుల నడుమ బ్రదికిన ఆ మనిషికి ఆ నిశ్శబ్దమైన గదిలో ఒంటరిగా కూర్చుండుట దుర్భరమయ్యెను. కొద్ది దినములకే పాత పని తిరిగి ఇప్పింపుడని కోరిరి. ముందుగా ఇంగ్లండు పోయి ఆ విద్యను చూచి రండు, అప్పటికిని నచ్చనిచో తిరిగి బోధనకు రావచ్చునని పెద్దలు చెప్పిరి. ఆయన లండనులో చదివిరి. అనేక గ్రంథాలయములు తిరిగి చూచిరి. ఆ పనిలో తలలు పండినవారితో కూర్చుండి మాటలాడిరి. 1925లో స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట పాత ఉద్యోగపు ఊసే ఎత్తలేదు. 1928లో మదరాసు గ్రంథాలయ సంఘము ఏర్పడుటకు ముఖ్యులైరి. ఆ మరుసటి యేడే ఆ సంఘము పక్షమున గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు ప్రారంభమయ్యెను. 1931లో గ్రంథాలయ శాస్త్రపు పంచసూత్రములను గ్రంథరూపమున ప్రకటించిరి. ఆ సంవత్సరముననే తంజావూరు జిల్లాలోని మన్నార్‌గుడిలో ఎడ్లబండిమీద గ్రంథాలయము గ్రామములకు కదలెను.

ఈ వరుసను గమనింపుడు. గదియు మారలేదు, పుస్తకములును మారలేదు. తన పని తెలిసిన తోటివారు లోకములో కలరని, వారిని అడుగవచ్చునని ఆయనకు తెలిసినది. అంత మాత్రమునకే విడిచిపోవలెనను ఉద్యోగము జీవితవ్రతమైనది. అట్టి తోటివారిని తనవలె ఇంగ్లండు పోజాలనివారికి ఇచ్చటనే కల్పించుటకై ఆయన సంఘమునకు పూనుకొనిరని నా నమ్మకము.

తోటివారిని వెదకికొనుట అన్ని దేశములలోను జరిగినదే. అమెరికాలో 1876లో ఫిలడెల్ఫియా నగరమున 103 మంది సమావేశమై గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆ మరుసటి యేడు ఇంగ్లండులో అట్టి సంఘమే వెలసెను. అయితే మన ఆంధ్రుల చరిత్రలో ఒక ప్రత్యేకత కలదు. అచ్చట ముందుగా కూడినవారు ముఖ్యముగా ఉద్యోగులు, పండితులు. ఇచ్చట ముందుగా కూడినవారు గ్రామములలోను, పట్టణములలోను జీతము లేక పఠనమందిరములు నడుపుచున్న యువకులు, వారికి అండయైన పెద్దలు.

1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు అధ్యక్షత వహించిరి. దానికి పూనుకొన్నవారిలో ముఖ్యులు అయ్యంకి వెంకటరమణయ్య గారు. అప్పటికి ఆయన ఇరువదినాలుగేండ్లు నిండని యువకులు. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్కరు తమకు తోచినట్లు నడుపుకొనుచున్న గ్రంథాలయములకు ఒక బంధుత్వము కల్పింపవలెననునదియే ఆ సభ ఉద్దేశము. అచ్చట ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినది. పిమ్మట ‘గ్రంథాలయ సర్వస్వము’ అను పత్రిక వెలువడినది. ఒక ఊరి గ్రంథాలయము చేసిన మంచిపనిని మరియొక ఊరివారు ఆ పత్రికలో చదివి తామును చేయబూనిరి. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రలని పేరు పెట్టుకొని ఊరూర తిరిగిరి. యాత్ర యనగా ఉపన్యాసమిచ్చి వచ్చుట మాత్రమే కాదు. ఆ ఊరి గ్రంథపాలకుని ప్రక్కన కూర్చుండి, అతని కష్టము విని, ‘నీవు ఒంటరివి కావు’ అని చెప్పి వచ్చుట.

ఆ ఉద్యమము ఆంధ్రదేశముతో ఆగలేదు. 1919 నవంబరు 14వ తేదీన మదరాసులో అఖిలభారత గ్రంథాలయ మహాసభ జరుగుటకు పూనుకొన్నది మన ఆంధ్రులే. బరోడా సంస్థానపు గ్రంథాలయములకు వన్నె తెచ్చిన కుదాల్కర్ గారిని ఆ సభకు అధ్యక్షులుగా పిలిచిరి. ఆనాటి జ్ఞాపకముగనే ఆ తేదీ గ్రంథాలయ దినమైనది. 1968 నుండి దేశమంతట ఆ దినముననే జాతీయ గ్రంథాలయ వారోత్సవములు ప్రారంభమగుచున్నవి. ప్రతి నవంబరులో మన బాలబాలికలు జరుపుకొను ఆ పండుగకు మూలము తెలుగువారి స్నేహబుద్ధి యని వారికి చెప్పుడు.

1935లో ఆంధ్ర విశ్వవిద్యాలయమున గ్రంథాలయ శాస్త్రము బోధించుట ఆరంభమైనది. ఆ సంవత్సరముననే గుంటూరు జిల్లాలో పెదపాలెము సేవాశ్రమమువారు కొల్లూరు ప్రాంతపు కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపిరి. పాతూరి నాగభూషణము గారు దానికి ప్రాణము. ఒకవైపు విశ్వవిద్యాలయములో శాస్త్రము, మరియొకవైపు కాలువలో పుస్తకముల పడవ. ఈ రెంటిని ఎదురెదురుగా నిలిపి చూడరాదు. ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. శాస్త్రము తెలిసినవాడు పడవ ఎక్కవలెను. పడవ నడుపువానికి శాస్త్రము అందవలెను. ఆ పూర్వులు వెలిగించిన దీపమునకు గుర్తుగా, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి పేర వెలసిన సర్వోత్తమ భవనము విజయవాడలో నేటికిని కలదు.

అటుతరువాత చట్టములు వచ్చినవి. 1948లో మదరాసు రాష్ట్రమునకును, 1955లో హైదరాబాదు రాష్ట్రమునకును, 1960లో ఆంధ్రప్రదేశమునకును గ్రంథాలయ చట్టములు కలిగినవి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏర్పడినవి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనము చెల్లించుచున్నాము. ఆ పైకము వసూలు చేయు స్థానిక సంస్థలు దానిని సకాలమున గ్రంథాలయ సంస్థకు చేర్చవలెనని అడుగుట పౌరులుగా మన హక్కు, అడుగుట మానరాదు. కాని ఒక మాట. చట్టము భవనము ఇయ్యగలదు, జీతము ఇయ్యగలదు, చెలిమిని ఇయ్యజాలదు. దానిని మనమే కూర్చుకొనవలెను.

ఇది మన జిల్లాకు క్రొత్త విద్య కాదు. 1990వ దశకపు తొలి సంవత్సరములలో ఇచ్చట అక్షరదీపము వెలిగినది. వేలకొలది స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రివేళ దీపము ముందు కూర్చుండి పెద్దవారికి అక్షరములు దిద్దించిరి. వాచకములో గ్రామ స్త్రీలు ఏకమై సారా దుకాణమును మూయించిన కథ యొకటి పాఠముగా ఉండెను. చదివినవారు కథగా చదివి ఊరకుండలేదు. 1992లో దూబగుంట స్త్రీలు సారాను తమ ఊరినుండి తరిమిరి. రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. ఊరినుండి ఊరికి ఆ నిప్పు ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. చదివిన పాఠము ఒక ఊరిలోనే నిలిచియుండినచో అది ఒక ఊరి కథగనే ముగిసియుండును. ఊళ్లు ఒకదాని నొకటి పలుకరించుకొనుటచేత అది చరిత్ర యైనది.

ఆ వెనుకనే పొదుపులక్ష్మి సంఘములు వచ్చినవి. దినమునకు ఒక్క రూపాయి దాచుకొన్న స్త్రీలు, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండ ఒకరికొకరు అప్పు ఇచ్చుకొనగలిగిరి. ఆ సంఘములో ఏ ఒక్కరును ధనవంతులు కారు. చేతిలోని రూపాయి చిన్నది, చేతులు పెక్కు. మన తల్లులు, అక్కచెల్లెండ్రు రూపాయలతో చేసిన పనిని, మన గ్రంథపాలకులు తమకు తెలిసిన విద్యతో చేయవలెనని నా ప్రార్థన. ఒకనికి పుస్తకములకు అట్టలు కట్టుట తెలియును. ఒకనికి బాలురను కూర్చుండబెట్టి కథ చదివించుట తెలియును. ఒకనికి దరఖాస్తు వ్రాయుట తెలియును. ఒకనికి కంప్యూటరు తెలియును. ఈ తెలివి నంతటిని ఒక్కచోట పొదుపు చేసినచో అవసరమైనవాడు అప్పు తీసికొనవచ్చును. ఈ అప్పునకు విచిత్రమైన గుణ మొకటి కలదు. ఇచ్చినవాని యొద్ద తరుగదు.

మన తీరము పొడవునను సాగు బకింగ్‌హామ్ కాలువను చూడుడు. 1806లో మదరాసునుండి ఉత్తరముగా త్రవ్వుట మొదలిడిన ఆ కాలువ, వేరువేరుగా ఉన్న ఉప్పుటేళ్లను, మడుగులను, పులికాటు సరస్సును ఒకదానితో నొకటి కలిపినది. ఆ నీరు క్రొత్తగా పుట్టినది కాదు. ఉన్న నీటికి ఉన్న నీటిని కలిపిరి. అంతటితో ఉప్పు, కట్టెలు, ధాన్యము నింపిన పడవలు దూరప్రయాణము చేయగలిగెను. ఆ పడవల కాలము గడచిపోయినది. కాని ఆ ఉపాయము గడచిపోలేదు. ఈ తీరమున పాఠశాల గ్రంథాలయములు కలవు. శాఖా గ్రంథాలయములు కలవు. మనవంటి గ్రామ గ్రంథాలయములు కలవు. కావలిలో జవహర్ భారతి కళాశాల కలదు. 2008లో ఏర్పడిన విక్రమసింహపురి విశ్వవిద్యాలయము కలదు. నీరు ఉన్నది. నడుమ గట్లు మాత్రము త్రవ్వవలసియున్నది.

అందుకై నాకు తోచిన పనులు ఐదు కలవు. వీనిలో ఒక్కదానికిని ప్రభుత్వపు ఉత్తరువుతో అవసరము లేదు.

మొదటిది, కూడుట. నెలకొక ఆదివారము ఈ ప్రాంతపు గ్రంథపాలకులందరును ఒక గ్రంథాలయమున కలిసికొనవలెను. ఈ నెల ఒక ఊరు, వచ్చు నెల మరియొక ఊరు. ఉపన్యాసములు వలదు; పూలమాలలు వలదు. ప్రతివాడును ఆ నెలలో తనకు ఎదురైన ఒక చిక్కును, తాను సాధించిన ఒక మంచిని చెప్పవలెను. ఈనాడు ఫోను లేని చేయి అరుదు. తడిసిన పుస్తకపు బొమ్మ తీసి పంపి సలహా అడుగుట నిమిషములో పని. దానిని తప్పక వాడుకొనుడు. కాని ఫోనులో ప్రశ్న అడుగవచ్చును గాని మనసు విప్పుట కష్టము. అందుకు ఎదురెదురుగా కూర్చుండవలెను.

రెండవది, పుస్తకములు తిరుగుట. ప్రతి గ్రంథాలయమున పదేపదే చదువబడి, ఇక ఆ ఊరిలో చదువువారు మిగులని పుస్తకములు కలవు. అవి పొరుగూరికి క్రొత్తవి. ఏబది పుస్తకములను ఒక పెట్టెలో పెట్టి, జాబితా వ్రాసి, మూడు నెలలకొక మారు పెట్టెలు మార్చుకొన్నచో, ఒక్క రూపాయి ఖర్చు లేక ప్రతి ఊరికి యేట రెండువందల క్రొత్త పుస్తకములు వచ్చును. మేలైన నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వములు కొనలేని గ్రామమునకు, కళాశాల గ్రంథపాలకుడు ఆ పుటల నకలు తీసి పంపగలడు.

మూడవది, పని నేర్పుట. కళాశాల గ్రంథపాలకులు తమ విద్యను గ్రామమునకు తగినట్లు చెప్పవలెను. మూడువేల పుస్తకములున్న చోట పెద్ద వర్గీకరణ పద్ధతులన్నియు అక్కరలేదు. వెన్నుమీద రంగుకాగితము అంటించి, వ్యవసాయమునకు ఒక రంగు, ఆరోగ్యమునకు ఒక రంగు, కథలకు ఒక రంగు అని ఏర్పరచినచో అప్పుడే చదువ నేర్చిన తల్లియు తన పుస్తకమును తానే తీసికొనగలదు. అదే సమయమున కళాశాలవారు నేర్చుకొనవలసినదియు కలదు. వేటనుండి వచ్చి అలసిన మనిషి ఏ వేళకు చదువును, రొయ్యల గుంటల కాపలాకు పోవు యువకునికి ఏది ఉపయోగపడును, ఇంటిపని తీరిన స్త్రీ ఏ గంటకు గ్రంథాలయమునకు రాగలదు అనునది గ్రామ గ్రంథపాలకుడే చెప్పగలడు. నేర్పుట ఒకవైపునుండి మాత్రమే జరిగినచో అది ఉద్యోగమగును. ఇరువైపులనుండి జరిగినచో స్నేహమగును.

నాలుగవది, ఆపదలో ఆదుకొనుట. 1984 నవంబరు తుపానును, 2004 డిసెంబరు 26వ తేదీ సునామీని ఈ తీరము మరువలేదు. ఇట్టి వేళ ముందుగా మనుష్యులు, పిదప పశువులు, ఆ వెనుక ధాన్యము. పుస్తకముల మాట ఎవరికిని తోచదు. తోచలేదని తప్పు పట్టరాదు. కావున ముందే ఏర్పాటు ఉండవలెను. తుపాను హెచ్చరిక రాగానే ఏ పుస్తకములు, ఏ రిజిస్టరులు ఎత్తైన చోటికి చేర్చవలెను, లోపలి ఊళ్లలో ఏ గ్రంథాలయమువారు వానిని దాచి ఉంచెదరు అని ముందుగనే అనుకొనవలెను. తడిసిన పుస్తకమును తీవ్రమైన ఎండలో పెట్టరాదు. పుటలు వంకరలుపోయి అంటుకొనును. గాలియాడు నీడలో నిలువబెట్టి, పుటల నడుమ పాత పత్రికల కాగితము పెట్టి, అది చెమ్మ పీల్చినకొలది మార్చుచుండవలెను. ఇది ఒక్కనికి మించిన పని. పది చేతులు ఉన్నచో పుస్తకము బ్రదుకును.

ఐదవది, వారసుని తయారుచేయుట. మహాభారతమును నన్నయ మొదలిడెను. మన విక్రమసింహపురిలో మనుమసిద్ధి కొలువున వెలసిన తిక్కన పదునైదు పర్వములు రచించెను. అరణ్యపర్వమున మిగిలిన భాగమును ఎఱ్ఱన పూరించెను. ఒకరు విడిచిన చోట మరియొకరు అందుకొనుటచేతనే తెలుగువారికి భారతము పూర్ణముగా దక్కినది. అంతటి కార్యమునకే ముగ్గురు కావలసివచ్చినప్పుడు, ఊరి గ్రంథాలయము ఒక్కని ఆయువుమీద ఆధారపడుట ఎంత ప్రమాదము! ప్రతి గ్రంథపాలకుడును ఒక యువకుని, ఒక యువతిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పవలెను. నెలసరి కూటమికి వారినిగూడ తీసికొనిరావలెను.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. పట్టములు పొందిన కళాశాల గ్రంథపాలకుడును, పదవ తరగతితో చదువు నిలిపిన గ్రామ కార్యకర్తయు సమానముగా కూర్చుండగలరా యని కొందరడుగుదురు. కూర్చుండగలరు, ఒక నియమమున్నచో. ఆ కూటమిలో మాటలాడుటకు అర్హత పట్టము కాదు, ఆ నెలలో చేసిన పని. రెండవ ఆక్షేపణ, సంఘమనగానే పదవులు, ఎన్నికలు, పక్షములు వచ్చునని. ఇది కొట్టివేయదగిన మాట కాదు. అందుకే నేను అధ్యక్షుడును, కోశాధికారియు లేని కూటమిని కోరుచున్నాను. ఏ ఊరిలో కూడినచో ఆ ఊరి గ్రంథపాలకుడే ఆనాటికి పెద్ద. నిధి లేనిచోట తగవు తక్కువ. మూడవ ఆక్షేపణ బరువైనది. అందరి చేతిలోను ఫోను ఉండగా, లోకములోని విషయమంతయు దానిలో దొరకుచుండగా, ఇంకను గ్రంథాలయ మెందుకు, గ్రంథపాలకుల కూటమి యెందుకు అని. నా సమాధానము ఇది. సముద్రములో నీటికి కొదువ లేదు, త్రాగునీటికి కొదువ. ఏది నిజము, ఏది నాకు పనికివచ్చును, ఏది నా బిడ్డ చేతికి ఇయ్యదగినది అని వేరుచేసి చూపు మనిషి ఊరిలో ఒకడుండవలెను. వాడు చెడిపోకుండ చూచుకొనుట ఊరి మేలునకే.

చందాదారులారా! ఇదంతయు గ్రంథపాలకుల సొంత వ్యవహారము, మాకేమి అని మీరు తలంతురేమో. మీతోనే పని కలదు. నెలకొక ఆదివారము మీ గ్రంథపాలకుని కూటమికి పోనిండు. ఆనాడు తలుపు మూయకుండ, మీలో ఒకరు వంతు వేసికొని అతని కుర్చీలో కూర్చుండుడు. పోయి వచ్చుటకు బస్సు చార్జీ అతని జేబునుండి పెట్టనీయక, గ్రంథాలయపు ఖర్చులో వ్రాయుడు. కూటమి మన ఊరికి వచ్చిననాడు పొరుగూళ్లవారికి ఒక పూట భోజనము పెట్టుడు. తిరిగి వచ్చిన పిమ్మట ‘ఏమి నేర్చుకొని వచ్చితివి?’ అని అడుగుడు. ఆ ప్రశ్న అడిగినవాడు ఒకడైనను ఉన్నచో, అతడు మరునెల రెట్టించిన ఉత్సాహముతో పోవును. ఒక బస్సు చార్జీ, ఒక పూట భోజనము, ఒక ఆదివారము. స్వర్ణోత్సవము చేసికొనుటకు మన గ్రంథాలయము అడుగుచున్న మూల్య మింతే.

అక్షరదీపపు దినములలో చదువ నేర్చిన పెద్దలు కొందరు, ఆ వెనుక చదువుటకు పుస్తకము దొరకక అక్షరములను తిరిగి మరచిపోయిరి. చదువక విడిచిన అక్షరము నిలువదు. అట్టిదే గ్రంథాలయము. నడిపినన్నాళ్లే అది గ్రంథాలయము. నిలిచిననాడు పాత కాగితముల గది. దానిని నడుపు చేయి ఒంటరిదై వణకకుండ, మరి పది చేతులు దానికి అండగా నిలుచుగాక. వచ్చు ఆదివారముననే మొదటి కూటమి ఈ గదిలోనే జరుగవలెనని, అందుకు కార్యవర్గమువారు ఈ సభలోనే మాట ఇయ్యవలెనని కోరుచున్నాను.